నిద్రగన్నేరును దించిన రోజు

సూరత్‌లోని గోడాదరాలో మా సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు బైకులు వస్తే ఒకటి ఎవరి గుమ్మంలోకో ఎక్కాలి. ఆ సందు చివర, మెస్ వెనక గోడను ఆనుకుని ఒక నిద్రగన్నేరు ఉండేది. ఇద్దరు చేతులు చాపినా మాను అందేది కాదు. తొలి వానలకు దాని మొదట్లో నిలువునా పగులు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఆ పగులులో నా అరచెయ్యి దూరింది. చెట్టు మెస్ వైపే ఒరుగుతోంది.

మెస్ అంటే సిమెంటు రేకుల కింద రెండు గదులు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒకామె నడుపుతుంది. నాకన్నా చిన్నదే అయినా అందరితో పాటు నేనూ అక్క అనే పిలుస్తాను. పవర్‌లూమ్‌ల మీద పనిచేసే నలభై మంది రెండు పూటలా అక్కడే తింటారు. నేనూ అక్కడే. రేకులు పోతే ఇంటి సేఠ్ కొత్తవి వెయ్యడని, అదే సాకుగా గది ఖాళీ చెయ్యమంటాడని ఆమెకు తెలుసు. నలభై మంది సందడినీ గ్యాస్ భట్టీనీ ఓర్చుకునే ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకొకటి దొరకదు.

“చెట్టు ఎట్లన్న పోనీ సారూ, నా పొయ్యి మీద మాత్రం పడొద్దు,” అంది.

చెట్టు కొట్టడానికి కార్పొరేషన్ నుంచి అనుమతి కాగితం వచ్చింది. క్రేన్ మాత్రం సందు మొదట్లోనే నిలిచిపోయింది. మిషన్ రంపంతో వచ్చిన కాంట్రాక్టరు చెట్టును చూశాడు, రేకులను చూశాడు, కరెంటు తీగలను చూశాడు, అక్క ఇచ్చిన చాయ్ తాగాడు. పడగొట్టడానికి చోటు లేదు, ముక్కముక్కగా దింపాలి, అంత పైకి తన మనుషులు ఎక్కరని చెప్పి వెళ్లిపోయాడు. పత్రికలో ఉండగా చెట్టు కూలిన వార్తలు చాలా రాశాను, మూడేసి వాక్యాల్లో. కూలకుండా దించడం ఇంత పని అని తెలియదు.

మెస్‌లో తినేవాళ్లలో యాభై దాటిన లూమ్ కార్మికుడు ఒకాయన ఉన్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు వేసుకుని ఎక్కే మోకు ఇంకా ఆయన పెట్టెలో ఉంది. రెండు పూటలు చెట్టు చుట్టూ తిరిగి చూసి, తాను ఎక్కుతానన్నాడు.

“తాటిచెట్టుకు ఒక్కటే తొవ్వ సారూ. గిదేంది, యాడ జూసినా తొవ్వలే,” అన్నాడు నాతో.

కార్ఖానా సెలవు రోజున సందుకు కరెంటు ఆపించి పని మొదలుపెట్టారు. కోయబోయే కొమ్మకు లారీ తాడు కట్టి, దాన్ని పైనున్న గట్టి పంగ మీదుగా కిందికి వదిలారు. ఆ కొసను సందులో ముగ్గురు పట్టుకున్నారు. కొమ్మ తెగాక వాళ్లు చెట్టు వైపు అడుగులో అడుగు వేస్తూ ముందుకు వస్తే కొమ్మ దిగుతుంది, నిలబడితే ఆగుతుంది. ముగ్గురూ ఆయనతో పాటు లూమ్‌ల మీద పనిచేసేవాళ్లే. ఇద్దరిది ఒడిశా, ఒకరిది యూపీ. తెలుగు రాదు. అందుకే మాటలు హిందీలో అనుకున్నారు. ముందుకు రావాలంటే ‘ఆగే’, నిలబడాలంటే ‘రుకో’.

పొద్దున చిన్న కొమ్మలు ఏడెనిమిది బాగానే దిగాయి. “కాకా, పైన కల్లు దొరికిందా?” అని కిందివాళ్లు హిందీలో అరిచారు. దొరికింది గానీ మీదాకా రానివ్వనని ఆయన పైనుంచి అన్నాడు.

మధ్యాహ్నానికి వంటగది మీదికి సాగిన పెద్ద కొమ్మ దగ్గరకు వచ్చారు. సగం కోశాడో లేదో, అది తనంతట తానే ఫట్‌మని విరిగి రేకుల వైపు ఊగింది. ఆ క్షణాన ఆయన నోట్లోంచి హిందీ పోయింది.

“ఆగు! ఆగు! ఆగు!”

కింద ముగ్గురికీ అది ‘ఆగే’ అని వినిపించింది. ముందుకు ఉరికారు. ఆయన ఎంత గట్టిగా అరిస్తే వాళ్లు అంత జోరుగా వచ్చారు. రెండు భాషలూ తెలిసిన నేను పక్కనే ఉన్నాను. నాకు వెలిగి ‘రుకో’ అని కేక వేసేసరికి కొమ్మ కొస రేకులకు తగిలింది. పింగాణీ పళ్లెం పగిలినట్టు చప్పుడైంది.

“ఆగుమంటే ఉరుకుతరేందిరా!”

“ఆప్ హీ తో బోలే కాకా, ఆగే ఆగే!” మీరే కదా అన్నారని కిందివాళ్లు.

పైన కూర్చునే ఆయన నుదురు కొట్టుకున్నాడు. “అవ్... నేను తెలుగుల అన్న.”

సందంతా నవ్వింది. అక్క నవ్వలేదు. లోపలికి వెళ్లి కింది నుంచి పైకప్పు చూసి వచ్చింది.

“ఒక్క రేకు మూల పోయింది. రేకుల కింది పైపులు మంచిగనే ఉన్నయ్. ఇగ నువ్వు వాళ్లతోని మాట్లాడకు తమ్మీ. నాకు జెప్పు, వాళ్లకు నేను జెప్త,” అంది చెట్టు మీదాయనతో.

మెస్ పెట్టకముందు ఆమె కొన్నేళ్లు లూమ్ షెడ్డులో బాబిన్లకు దారం చుట్టింది. ఆ షెడ్డుల్లో మగ్గాల మోతకు పక్కవాడి మాట వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే ఆపు. అరచెయ్యి కిందికి ఊపితే మెల్లగా. వేళ్లు తనవైపు ఆడిస్తే రా. ఏ ఊరివాడైనా షెడ్డులో అడుగుపెట్టిన వారానికి ఇది నేర్చుకుంటాడు. ఇన్నేళ్లు వాళ్ల పక్కన కూర్చుని తిన్నాను. చేతులు ఎక్కువ ఆడిస్తారనుకున్నాను తప్ప అది భాష అనుకోలేదు.

పైనున్న మనిషీ కిందున్న ముగ్గురూ కనిపించేటట్టు ఆమె నీళ్ల డ్రమ్ము మీదికెక్కి నిలబడింది. బరువంతా చేతుల మీదే పడకుండా తాడును మాను మొదట్లో రెండు చుట్లు తిప్పించింది. ముందు రేకు మీద ఆనిన కొమ్మను పైకి లాగించి పక్కకు దింపించింది. ఆ తర్వాత ఆయన పైనుంచి తనకు తోచిన తెలుగులో అరుస్తూనే ఉన్నాడు. ఆమె చెయ్యి మాత్రమే కదిలింది.

చివరి పెద్ద కొమ్మ సరిగ్గా పొయ్యి ఉన్న చోటికి పైన వేలాడింది. ఆమె పిడికిలి బిగించింది. ముగ్గురూ బిగుసుకుపోయారు. ఊపు తగ్గేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

“దీదీ, హాథ్ దుఖ్ రహా,” అని చేతులు నొప్పెడుతున్నాయన్నాడు యూపీ మనిషి.

“సుబే ఛే రోటీ ఖాయా నా? కిధర్ గయీ వో?” పొద్దున తిన్న ఆరు రొట్టెలూ ఎటు పోయాయంది, కొమ్మ మీది నుంచి చూపు తిప్పకుండా.

అరచెయ్యి కిందికి ఊపింది. కొమ్మ గోడకూ మురుగు మోరీకీ మధ్యనున్న రెండు మూరల జాగాలో దిగింది.

నాలుగు గంటలకు, మీదికి ఒరిగే బరువు లేని మొద్దు ఒక్కటే మిగిలింది. అప్పుడు సేఠ్ వచ్చాడు. తల ఎత్తి రేకులన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. పగిలిన మూల దగ్గర చూపు ఆపాడు. అది తానే వేయించుకుంటానని అక్క గుజరాతీలో చెప్పింది. ఆయన లోపలికి వెళ్లాడు, గోడ మీద చెయ్యి వేసి చూశాడు, ఖాళీ చెయ్యమనడానికి సాకేమీ దొరకక వెళ్లిపోయాడు.

ఆమె వంటగదిలో పడిన ఆకులూ రేకు ముక్కలూ ఊడ్చి భట్టీ వెలిగించింది. నన్ను ఉల్లిగడ్డలు కొయ్యమంది. ఆ రాత్రి మెస్‌లో అన్నం గంట ఆలస్యమైంది.

“పప్పుల కట్టె పొట్టు ఒస్తున్నదక్కా,” అన్నాడు చెట్టెక్కినాయన.

“నువ్వు కోసిందే. తిను,” అంది, ఇంకో గరిటె వేస్తూ.