ఫిలిం పట్టని ఇరవై ఫొటోలు

2004 జనవరిలో అద్దంకి దగ్గర కోటయ్య మిరపచేను ఫొటోలు తీసే పని నాకు వచ్చింది. మొక్కలు నడుమెత్తు పెరిగాయి, కాయ లేదు. విత్తనం నకిలీదని అతను ఒంగోలు వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తున్నాడు. చేను దున్నేశాక వ్యవసాయాధికారి నివేదిక, ఫొటోలు, ఈ రెండే సాక్ష్యం. అప్పటికి నాది పాతికేళ్ల స్టూడియో. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. పాత కెమెరాలు విప్పి బిగించి నేర్చుకున్నాను.

నా వెంట మస్తాన్ వచ్చాడు. బట్టల కొట్టు అతనిది, కెమెరాలంటే పిచ్చి. కొత్తగా డిజిటల్ కొన్నాడు.

"ఏరా, ఆ అగ్గిపెట్టెతో సాక్ష్యం చెప్పిస్తావా? నెగెటివ్ లేనిది ఫొటో ఎలా అవుతుందిరా?" అన్నాను.

"నాది ఇప్పుడే చూసుకోవచ్చన్నా. నీది కడిగిందాకా దేవుడికే తెలియాలి" అన్నాడు.

అతని బొమ్మల్లో నా నీడ పడ్డవి నాలుగుంటే దగ్గరుండి చెరిపించాను.

నేను ఇరవై తీశాను. ముప్పై ఆరు పిక్చర్ల రోలును మధ్యలో కడిగించడం మా వృత్తిలో దుబారా. మిగతావి వారం తర్వాత ఓ ఓణీల ఫంక్షన్లో తీశాను. ముప్పై ఆరు దాటింది, నలభై దాటింది, ఫిలిం అయిపోతే ఆగాల్సిన లీవరు ఆగలేదు. ఫిలిం కొస లోపలి స్పూలుకు పట్టుకోకపోతే కెమెరా టక్కుమంటూనే ఉంటుంది, అంకె పెరుగుతూనే ఉంటుంది, ఫిలిం మాత్రం కదలదు. లీవరు లాగినప్పుడు ఎడమవైపు ఫిలిం చుట్టే పిడి తిరుగుతోందా అని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఊరందరికీ ఇది చెప్పే నేను, ఆ రోజు మస్తాన్‌ని ఎగతాళి చేసే హడావుడిలో చూడలేదు. ఓణీల పిల్లనంటే మళ్లీ కూర్చోబెట్టి తీశాను. చేనెక్కడిది? కోటయ్య దున్ని నువ్వులు చల్లేశాడు.

ఇక మస్తాన్ బొమ్మలే దిక్కు. ఫోరంలో విత్తనాల కంపెనీ వకీలు వాటికి కెమెరా వేసిన నంబర్లు చదివాడు. ఐదు నుంచి ఎనిమిది దాకా లేవు, కాయ కాసిన మొక్కల్ని చెరిపేశారా అని అడిగాడు. కోటయ్య నా వైపు చూశాడు.

నేను లేచి, ఆ నాలుగూ చెరిపించింది నేనేనని చెప్పాను. మరి మీ ఫొటోలేవని అడిగాడు. ఫిలిం పట్టలేదని చెప్పాను. హాల్లో నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నవ్వండి, తప్పు నాది. చేనుది కాదు. అధికారి నివేదికలో రాసిన గట్టు, బోరు, వరసలు ఈ బొమ్మల్లో ఉన్నాయో లేవో చూడండి" అన్నాను.

చూశారు, అన్నీ సరిపోయాయి. నా చేత అఫిడవిట్ రాయించుకుని ఆ బొమ్మల్ని సాక్ష్యంగా తీసుకున్నారు. కోటయ్య కేసు గెలిచాడు.

ఆ తర్వాత రెండు రకాల కెమెరాలతోనూ పనిచేశాను. ఫిలిం అయితే పిడి తిరగడం చూడకుండా రెండో పిక్చరు తీయలేదు. డిజిటల్ అయితే పని ముగిసేదాకా ఒక్క బొమ్మా చెరపలేదు, అందులో నా నీడ పడినా సరే.