తాళం తీయవద్దు

కంప్యూటరు మూత విప్పే ముందు అతను ఎడమచేత్తో కిటికీ ఊచ పట్టుకుంటాడు. ఎడమ నుంచి రెండో ఊచ. పెదవులు కదపకుండా పది లెక్కపెడతాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు అందుకుంటాడు. పదహారేళ్ళుగా ఆ ఒక్క ఊచ మీద రంగు నిలవలేదు.

ఒంట్లో పేరుకున్న కరెంటు దిగిపోవాలని అలా చేస్తాడు. ఊచ నుంచి భూమిలోకి తీగ కూడా వేసుకున్నాడు. బట్టల రాపిడికి పుట్టే ఆ కాస్త కరెంటు మనిషికి తెలియనైనా తెలియదు. చిప్పుకు మాత్రం ప్రాణం తీస్తుంది. పని మొదలుపెట్టిన ఏడాది, గాలి పొడిగా ఉన్న ఒకరోజు, నైలాన్ చొక్కా వేసుకుని ఒక పళ్ళ డాక్టరు కంప్యూటరు విప్పాడు. వేలు తగిలింది. బోర్డు చచ్చిపోయింది. పొగ రాలేదు, చప్పుడు కాలేదు. చప్పుడు కాకుండా పాడయ్యే వాటంటే అతనికి ఇప్పటికీ గుండెదడ.

వీధి వీధంతా అతన్ని కిటికీ మామయ్య అంటుంది. "పెళ్ళినాడు నా చెయ్యి కూడా ఇంతసేపు పట్టుకోలేదీయన" అని భార్య వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. రేడియోలతో మొదలై, టేపురికార్డర్ల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చిన చెయ్యి అతనిది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. భయమే నేర్పింది.

ఆ మంగళవారం వదిన తన కంప్యూటరు తెచ్చింది. ఇరవై ఏడేళ్ళనాటిది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత దిండుగలీబు రంగులో ఉంది.

"ఏం మరిదీ, నీ కిటికీ కులాసాయేనా?"

"కులాసాయే వదినా. మీరెలా ఉన్నారు?"

"నాకేం, రాయిలా ఉన్నా. ఇదే పడకేసింది. కొత్తది కొనుక్కోమన్నావంటే మాత్రం మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. ఆ మాట మీ అన్నయ్య రోజుకు రెండుసార్లు అంటున్నాడు."

వదిన బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. సెలవు రోజుల్లో వడ్రంగుల దగ్గరికీ, తాపీపనివాళ్ళ దగ్గరికీ, దర్జీల దగ్గరికీ వెళ్ళి వాళ్ళు పనిలో వాడే మాటలు చీటీల మీద రాసుకునేది. ఇంటికొచ్చి ఈ కంప్యూటరులో ఎక్కించేది. పద్దెనిమిదేళ్ళు పట్టింది. అంతా ఎక్కాక, ఇల్లు ఇరుకైపోయిందని అన్నయ్య చీటీల బస్తాలను పాతసామాన్లకు వేసేశాడు. ఇప్పుడు ఆ మాటలు ఈ పెట్టెలో తప్ప ఎక్కడా లేవు. ప్రెస్సు ఒకటి పుస్తకం వేస్తానంది. సోమవారం పదింటికల్లా పేజీలన్నీ శుభ్రంగా ప్రింటు తీసి ఇస్తే, వాటినే ఫొటో తీసి అచ్చేస్తుంది. లేదంటే వచ్చే ఏడాదే.

"వచ్చే ఏటికి నా కళ్ళు ఉంటాయో లేదో" అంది వదిన, వాన పడుతుందో లేదో అన్నంత తేలిగ్గా.

ఆమె వెళ్ళాక అతను పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు. పక్కన టేపు వేసి అంటించిన చీటీ ఉంది. వదిన గుండ్రటి అక్షరాలు: తాళం తీయవద్దు.

పెట్టె ముందువైపు చిన్న గుండ్రటి తాళం ఉంది. దానికే చెవి, చెవికి ఎర్రదారం. పాత పెట్టెలకు ఉండేవి. తిప్పితే కీబోర్డు పనిచేయదు. వదిన మాటంటే మాటే. ముందు పలక ఊడదీస్తే పది నిమిషాల్లో తెరుచుకునే పెట్టె అది. కానీ అలా చేస్తే తాళం తీగలు ఊడతాయి. అందుకని వెనకనుంచి మొదలుపెట్టి, మూతను వేలెడు వేలెడు జరుపుతూ పూటంతా కూర్చున్నాడు. ఎర్రదారం ఊగనైనా ఊగలేదు.

వెనక రేకు తీయడానికి, ప్రింటరు తీగ పెట్టే చోట బూడిదరంగు ముక్క ఒకటి అడ్డొచ్చింది. అగ్గిపెట్టెంత ఉంది. దానికి తీగ లేదు, పేరు లేదు. తీగకూ తీగకూ మధ్య అతుకు వేసే ముక్కలు అలాగే ఉంటాయి, వందలు చూశాడు. రెండు స్క్రూలు విప్పి తుక్కు పళ్ళెంలో పడేశాడు.

తర్వాత మూడు రోజులూ పండగలా పనిచేశాడు. బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లు ఏడు తీసి కొత్తవి అతికాడు. మూలిగే హార్డుడిస్కులోంచి అంతా గోరంత కార్డులోకి దించి, డిస్కు స్థానంలో కార్డే బిగించాడు. గోల చేసే ఫ్యాను మార్చి, చెవి ఆనిస్తే గాని వినపడనిది పెట్టాడు. శనివారం ఎప్పటిలాగే పాతసామాన్ల ఆమె వచ్చి పళ్ళెం ఖాళీ చేసుకుపోయింది.

ఆదివారం పొద్దున కరెంటు ఇచ్చాడు. తెర వెలిగింది. భార్యను కేకేశాడు.

"చూశావా, లేచి కూర్చుంది!"

"వయసులో మీకంటే చిన్నదేగా, లేస్తుంది" అందామె.

వదిన పుస్తకం ఫైలు తెరిచాడు. తెర మధ్యన ఒకే వరుస వచ్చింది: తాళం కనపడలేదు.

ముందున్న తాళం చూశాడు. ఉంది. ఎర్రదారం ఉంది. మళ్ళీ తెరిచాడు. తాళం కనపడలేదు. ఆ ఫైలునే తన కంప్యూటరులో తెరిస్తే డాలరు గుర్తులూ ప్రశ్నార్థకాలూ కుప్పగా వచ్చాయి. ఆ పాత అక్షరాలు ఆ ప్రోగ్రాముకే అర్థమవుతాయి. ఆ ప్రోగ్రాము తాళం ఉంటేనే తెరుచుకుంటుంది.

అప్పుడు అర్థమైంది. తాళమంటే తను తుక్కులో పడేసిన ఆ బూడిదరంగు ముక్కే. విప్పినప్పుడు చేతికి కాస్త బరువు తగిలింది. అతుకుముక్కలు లోపల డొల్ల. దీన్ని, లోపల ఏముందో ఎవరూ చూడకుండా, జిగురు పోసి నింపేసి ఉంటారు. చేతికి తెలిసింది. తనే వినలేదు.

ఫోను మోగింది. వదిన.

"నాలుగింటికి వస్తున్నా. అయిందా?"

"అయిపోవచ్చింది వదినా. చిన్న పనొకటి ఉంది."

చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని బయటపడ్డాడు.

పాతసామాన్ల ఆమె తన కొట్టు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని తీగలు ఒలుస్తోంది.

"అక్కా, నిన్న మా ఇంటినుంచి తెచ్చిన దాంట్లో బూడిదరంగు ముక్క ఒకటి..."

"ఒకటా?" ఆమె గోతం వైపు గడ్డం ఎగరేసింది. "అదంతా దాని చుట్టాలే. నీది ఏదో దాన్నే అడుగు."

గోతం బోర్లించుకున్నాడు. రెండొందలుంటాయి. ఒక్కొక్కటీ అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. డొల్ల. డొల్ల. డొల్ల.

"రేపు పొద్దున్నే కరిగించేవాడు వస్తాడు. ఇంకొక్క పూట ఆగి వచ్చుంటే ఈ శ్రమ కూడా ఉండేది కాదు నీకు" అంది ఆమె.

అతను నవ్వలేదు. ఎండ కొట్టు లోపలి గోడ దాకా పాకేసరికి మూడు ముక్కలు బరువు తేలాయి.

"తీసుకుపో. శనివారం మళ్ళీ నాకే పారేస్తావుగా" అంది.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి కళ్ళు పెద్దవి చేసింది. లోపల వదిన కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మీద అదే వరుస. ఆమె వంగి పెట్టె వెనక తడిమి చూసింది.

"మరిదీ, దీని తాళమేది?"

"తాళమంటే ముందుదనుకున్నా వదినా."

"ముందుదా? దాని మొహం, దానికి చీటీ ఎందుకు?"

"తాళమని రాశారు మరి."

"తాళాన్ని తాళమనక ఇంకేమంటారు? బిగించినతను ఇదే దీని తాళం అన్నాడు, నేనూ అదే రాశా." ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించి, "చీటీలు కూడా లేవు నా దగ్గర" అంది.

అతను మూడు ముక్కలూ బల్ల మీద పెట్టాడు. ఊచ పట్టుకున్నాడు. ఈసారి పది చాల్లేదు, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాడు.

మొదటిది. తాళం కనపడలేదు.

రెండోదాని పిన్నుల్లో ఒకటి వంగి ఉంది. సూదితో నిలబెట్టాడు. మోచేయి బల్లకు ఆనించాడు. బిగించాడు. తాళం కనపడలేదు.

మూడోది. వరుస రాలేదు. ఏమీ రాలేదు. తెర నల్లగా ఉండిపోయింది. కొత్త ఫ్యాను చప్పుడు చేయడం లేదు. పాత ఫ్యానుంటే కనీసం గోలైనా వినపడేదనిపించింది అతనికి. వదిన అతని చొక్కా అంచు పట్టుకుంది.

అక్షరాలు వచ్చాయి. వరుసగా, నల్లగా, తలకట్లతో సహా.

వదిన కళ్ళద్దాలు పెట్టుకుని 'త' దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఉంది. తాళం: ఒకటి, తలుపు మూసి బిగించేది. రెండు, పనివాళ్ళు తాళంచెవిని కూడా తాళమనే అంటారు. ఆమె కింద మూడో అర్థం కొట్టింది: కంప్యూటరు వెనక ఉండే బూడిదరంగు ముక్క. ఇది లేనిదే మాటలు తెరుచుకోవు.

"మరుదులు పారేసేది అని కూడా వేయండక్కా" అంది భార్య గుమ్మంలోంచి.

"అది ముందుమాటలో వేస్తాలే."

తాళం వెనక ప్రింటరు తీగ తగిలించాడు. మూడొందల పన్నెండు పేజీలు. చివరిది వచ్చేదాకా అతను పెట్టె వెనకే నిలబడ్డాడు, ఆ ముక్కకు జానెడు దూరంలో చెయ్యి పెట్టుకుని, తాకకుండా.

దీపాలు పెట్టే వేళకు వదిన కట్టను గుండెకు ఆనించుకుని లేచింది.

"ఊచ పట్టుకుంటావు, పట్టుకో. కాదనను. నా చీటీ అర్థం కాకపోతే ఒక్క ముక్క అడగొచ్చుగా?"

"అర్థమైందనుకున్నా వదినా."

"నేననేదీ అదే."

మర్నాడు పొద్దున బల్ల మీద దర్జీ కంప్యూటరు ఉంది. వెనక మీటకు రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టి ఉంది. అతను ఎడమచేత్తో ఊచ పట్టుకుని పది లెక్కపెట్టాడు. కుడిచేత్తో స్క్రూడ్రైవరు బదులు ఫోను తీసి దర్జీకి కలిపాడు.

"వెనక రబ్బరు బ్యాండు ఉంది. దేనికది?"

"ఏమో మామయ్యా, ఎప్పుడో చుట్టా. తీసి పారెయ్."

"గుర్తు తెచ్చుకో. నేను లైన్లోనే ఉంటా" అన్నాడు. ఊచ వదల్లేదు.