మొగోని చేతి తొక్కు

అమ్మ బాయి దగ్గర గచ్చు మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్న వారానికే పెరట్లో మామిడికాయలు తొక్కుకు తయారయ్యాయి. కాయలకేం తెలుసు, వాటికి పిండికట్టు కనపడదు కదా. తొక్కు కాయకు ఒక అదను ఉంటుంది. టెంక గట్టిపడాలి, కండ మాత్రం గట్టితనం వదలకూడదు. ఆ అదను నాలుగైదు రోజులే. అది దాటితే కాయ పండు వైపు మొగ్గుతుంది, ముక్క జాడీలో మెత్తగా చితికిపోతుంది. పైగా అంతకుముందు గాలివానకు సగం కాయలు రాలిపోయాయి. రాలిన కాయను అమ్మ తొక్కులోకి రానివ్వదు, చీరి ఎండబెట్టి ఒరుగులు చేస్తుంది. చెట్టు మీద మిగిలినవే మాకు దిక్కు.

ఆ చెట్టు కాయతో ఏటా మూడు జాడీలు. ఒకటి మాకు, ఒకటి కేసముద్రంలో అక్కకు, ఒకటి ఏటూరునాగారం దగ్గర చెల్లెకు. వాళ్ళ పెళ్ళిళ్ళయినప్పటి నుంచి ఆ జాడీలు ఒక్క ఏడు కూడా ఆగలేదు. నాన్న పోయిన ఏడు కూడా ఆగలేదు. ఇప్పుడు ఆగుతాయేమోనని అమ్మకు మణికట్టు కన్నా అదే ఎక్కువ సలపరం. మంచంలో కూర్చుని, కట్టు చేతిని ఒడిలో పెట్టుకుని, పొద్దంతా చెట్టునే చూసేది.

పక్కింటి చిన్నమ్మ వచ్చింది. చుట్టం కాదు, మధ్యలో ఒక్క గోడ ఉంది కాబట్టి చిన్నమ్మ.

“అక్కా, దుకాన్ల డబ్బాలు దొర్కుతానయ్. రెండు కొనుక్కొచ్చి పిల్లలకు పంపరాదు?”

“కొన్న తొక్కు పంపితె నా బిడ్డలు తల్లి సచ్చిందనుకుంటరు.”

“మరెవలు వెడ్తరు? నాకా, నడుమే లేస్తలేదు.”

“నేను వెడ్త,” అన్నాను.

చిన్నమ్మ నవ్వడానికి ముందు గోడ పట్టుకుంది. నడుము లేవకపోయినా నవ్వు మాత్రం బాగానే లేచింది.

నా సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి మానాలి. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే మానేశాను. అప్పటి నుంచి చాలా పనులు చేసి, చివరికి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీగా తేలాను. పెళ్ళి కాలేదు. చూడటానికి వచ్చినవాళ్ళ ముందు అమ్మ నన్ను నోరు మూసుకుని కూర్చోమనేది. నేను కూర్చునేవాణ్ణే, నోటి సంగతే హామీ ఇవ్వలేకపోయాను.

“మొగోడు తొక్కు వెడ్తడా?” అంది చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “మొగోని చెయ్యి వడ్డ జాడి మూడొద్దులకే బూజు వడ్తదిరా.”

“చిన్నమ్మా, మొన్న పెండ్లిల మూడుసార్లు తొక్కు ఏపిచ్చుకొని తింటివి. అది వెట్టినోనికి గింత మీసాలున్నయ్. చూల్లేదా?”

“గది పెండ్లి తిండి, ఒక్క పూటకు. ఇది ఏడాది తిండి.”

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సరే అనలేదు, వద్దనలేదు. “చేతులు కడుక్కొని తడి లేకుంట తుడువు,” అంది. మా ఇంట్లో సరే అంటే అదే.

కారం కోసం పోయేటప్పుడు అమ్మ రెండుసార్లు చెప్పింది. “మూడు పాళ్ళు చపాట, ఒక్క పాలు తేజ. యాది మర్వకు.” చపాట మిరపకాయ టమాటలా బొద్దుగా ఉంటుంది. రంగు దండిగా ఇస్తుంది, కారం తక్కువ. తేజ సన్నది, కాయ చిన్నది, కోపం పెద్దది. ఈ రెంటినీ వీపు మీద మోసి మోసి నేను చీకట్లో వాసన పట్టి చెప్పగలను.

మార్కెట్లో రైతు దగ్గర చపాట ఏరుతుంటే తోటి హమాలీ చూశాడు. “ఏందన్నా, చపాటనా? ఇంట్ల బాలింత ఉన్నదా?” తొక్కుకు అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. పక్కనున్న నలుగురూ బస్తాలు దించి మరీ నవ్వారు. అక్కడే నాకు పంతం పట్టింది. ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వాడకట్టంతా నవ్వుతోంది, మార్కెట్ అంతా నవ్వుతోంది. కనీసం కారమైనా మొగతనం చూపించాలి కదా. చపాట అక్కడే వదిలేసి నాలుగు పాళ్ళూ తేజే తీసుకున్నాను. లెక్కల సారు చూసి ఉంటే, వీడు మూడూ ఒకటీ కూడా మరిచాడని సంబరపడేవాడు.

గిర్నిలో ఆ కాయ పడగానే వరుసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు పెట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. గిర్ని ఆయన మిషన్ నాకు అప్పగించి తనూ వెళ్ళిపోయాడు. నేనొక్కణ్ణే నిలబడ్డాను, హాయిగా. మా హమాలీల ముక్కులు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు.

మరునాడు పొద్దున్నే మూడు జాడీలకు సరిపడా కాయలు తెంపి, కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, కత్తిపీట ముందు కూర్చున్నాను. చిన్నమ్మ గోడ మీద గడ్డం ఆనించి సినిమా చూసినట్టు చూసింది. టెంకతో సహా ముక్కలు కొట్టి, లోపలి జీడి తీసి, ఉప్పు, కారం, మెంతిపొడి, ఆవపిండి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి, చల్లారిన పోపు పోసి, మోచేతుల దాకా కలిపాను. అమ్మ మంచం మీంచి ఒక్కొక్కటీ చెబుతూనే ఉంది. కారం వేసినప్పుడు మాత్రం ఒక క్షణం ఆగి, గిన్నెలోకి చూసి, మళ్ళీ చెప్పసాగింది.

“రుచి చూడు,” అంది.

నాలుక మీద వేసుకున్నాను. “మంచిగున్నది.”

నా నాలుకా ముక్కూ ఒకే మార్కెట్ మనుషులేనని అప్పుడు గుర్తు రాలేదు.

మూడో రోజు జాడీ విప్పి తిరగకలపాలి. జాడీ మూతి గుడ్డ విప్పుతుంటే చిన్నమ్మ పిలవకుండానే వచ్చింది, బూజు చూడటానికి. లేదు. నూనె పైకి తేలి నిగనిగలాడుతోంది. ఆమె ముఖం వాడిపోయింది. తొక్కునంతా బేసిన్లోకి తీసి కలిపి, మళ్ళీ జాడీలకెత్తి, అడుగున అంటుకున్న దాంట్లో వేడివేడి అన్నం వేసి పిసికాను. ఆ బేసిను అన్నం కోసమే చిన్నప్పుడు మేం ముగ్గురం కొట్టుకునేవాళ్ళం. మొదటి ముద్ద ఎప్పుడూ అమ్మ చేతిదే. ఈసారి అమ్మ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి నేనే ముద్ద చేసి అమ్మ నోట్లో పెట్టాను.

అమ్మ నమిలింది. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు కొస ఎర్రబడింది. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు ధారగా కారాయి. నాకు అప్పుడు అర్థమైంది, అరికాళ్ళ దాకా.

“ఎట్లున్నదక్కా?” చిన్నమ్మ మెడ చాచింది.

అమ్మ మింగింది. “ఉప్పు సరిపోయింది.”

“మరి కండ్ల నీళ్ళెందుకు?”

“కొడుకు చేతి ముద్ద తింటె రావా? నీ కొడుకు ఎన్నడన్న వెట్టిండా, నీకు ఎర్కుండనీకి?” నా వైపు తిరిగి, “చిన్నమ్మకో ముద్ద వెట్టురా. పెద్దది,” అంది.

పెట్టాను. చిన్నమ్మ రెండుసార్లు నమిలి ఆగిపోయింది. నుదుటి మీద చెమట బొట్లు లేచాయి. ఉమ్మితే ఓడిపోయినట్టు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కళ్ళు మూసుకుని మింగి, “జర ఉప్పు తక్కువైంది,” అని, చెప్పులు కూడా వేసుకోకుండా గబగబా వెళ్ళిపోయింది. గోడ అవతల బిందె దబ్బున వంగిన చప్పుడైంది.

“చెంబు తే,” అంది అమ్మ. రెండు చెంబులు తాగింది. “మొత్తం తేజనేనా?”

“అవునే. ఎట్ల ఎర్కైంది?”

“రంగు జూసినప్పుడే ఎర్కైంది. చపాట వడితె రంగు గంత తక్కువుంటదా?”

“మరప్పుడే చెప్పొచ్చు గదా!”

“నువ్వు వెడ్తనంటివి. గోడ మీద అది కూసున్నది. దాని ముంగట నీ తప్పు నేను తీస్తనా?” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “చెట్టుకింక కాయలున్నయ్ గదా. తెంపు. ముక్కలు రెట్టింపు ఎయ్యి, ఉప్పు ఎయ్యి, కారం ముట్టకు. మూడు జాడీలు ఆరైతయ్.”

అయ్యాయి. రెండు అక్కకు, రెండు చెల్లెకు. బస్సులో ఒడిలో పెట్టుకుని నేనే తీసుకుపోయాను. ఎవరు పెట్టారని అడిగిన ప్రతివాళ్ళకూ నేనే అని చెప్పాను, అడగనివాళ్ళకు ఇంకొంచెం గట్టిగా చెప్పాను.

అంతకంటే ముందు, ఆ ముద్ద తిన్న రోజు సాయంత్రమే, చిన్నమ్మ చెప్పుల కోసం వచ్చింది. చెప్పులు వేసుకుంది కానీ పోలేదు. కొంగు కింద నుంచి స్టీలు డబ్బా తీసింది.

“మా ఆయిన అడుగుతాండు. జరంత వెయ్యి.”

“మొగోని చేతిది చిన్నమ్మా, బూజు వడ్తది.”

“వడేదాక ఉంటెగదరా,” అంది, చూపు పక్కకు తిప్పుకుని.

అప్పటికి ఒక్క జాడీలోనే కొత్త ముక్కలు కలిపాను. దాని వైపు చెయ్యి చాపాను. అమ్మ మంచం మీంచి, “అది గాదు, పాతది ఎయ్యి. చిన్నమ్మకు కారం ఆనలేదు, ఉప్పే తక్కువైంది,” అంది.

చిన్నమ్మ వద్దనలేదు. డబ్బా నిండా వేయించుకుని పోయింది.