నేను కడిగిన టాంకిలో సిర్కా

దయ్యాల కథలు చెప్పేటోళ్లను మొహం మీదనే ఎక్కిరించిన మనిషిని నేను. ఇప్పటికీ దయ్యమని అంటలేను. నన్ను దొంగ అన్నరు కాబట్టి రాస్తున్న.

చాంద్రాయణగుట్ట దగ్గర హోటళ్లకు సిర్కా, అంటే వెనిగర్, పోసి పచ్చళ్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో నీళ్ల ప్లాంటు నడిపేటోన్ని. డ్రమ్ములు కడిగిన పుల్లటి నీళ్లను నాలాలకు వదలం. మోటర్లతోని పలుచటి పొరల నడుమకు పంపి కరెంటు పెడితే, ఆ నీళ్లల్ల ఉన్న ఆమ్లం విడిపోయి పక్క టాంకిలకు చేరుతది. కరెంటు లేకుంటే చుక్క రాదు.

మోటర్లు విప్పి రిపేరుకు పంపి, పది దినాలు ప్లాంటు బందు పెట్టిండ్రు. అంతకు ముందు నేనే టాంకిలకు దిగి మూడుసార్లు కడిగి, పాత లుంగీతోని తుడిచిన. ఫ్యూజులు పీకి మేనేజర్ చేతుల పెట్టిన. ప్లాంటు రూము తాళంచెవి సుత ఆయన దగ్గరనే.

పదకొండో దినం పొద్దున ఆయనే తాళం తీసిండు. వెనక నేను, వాచ్‌మన్ ఖాజా భాయ్. రిపేరయి వచ్చిన మోటర్లు ఇంకా బయట ఆటోలనే ఉన్నయి.

టాంకి అంచుదాకా నిండి ఉంది. ముక్కు పగిలే పులుపు. టెస్టు చేస్తే, ప్లాంటు మంచిగ నడిచిన దినాల ఎంత గాఢత వస్తదో అంతే వచ్చింది. అవతల తొట్టిల నిలువ ఉన్న కడుగునీళ్లల్ల మాత్రం పులుపు పోయింది. కరెంటు మీటర్ల అంకె మారలే.

“టాంకికి సుత జీతం ఇయ్యాలె భాయ్,” అన్నడు ఖాజా.

“నవ్వకు ఖాజా. ఈయన దొంగ తాళంచెవి చేయించి బయటోళ్ల కోసం ప్లాంటు నడిపిండు,” అన్నడు మేనేజర్.

“మోటర్లు లేకుండనా సార్? నోటితోని పీల్చి ఉమ్మిన్నా?”

మునుపు నా గంబూట్లు చిరిగినయంటే “చెప్పులేసుకో” అన్నది కూడ ఈయనే. నేను మర్వలే.

దొంగతనం మాట నిలువకపోయేసరికి, ఆఖరుకు కాగితం ముందల పెట్టిండు. పాత సిర్కా ఉన్న టాంకి కడగకుండనే ఇంటికి పోయిన, తప్పయిందని రాస్తే నౌకరి ఉంటది. లేకుంటే రేపటి సంది రావొద్దు. ఇంట్ల నా భార్య సుత, “ఒక్క లైనుకు ఏం పోతది?” అన్నది.

నేను రాసిన: టాంకి కడిగిన. ఖాళీ చేసిన. ఎట్ల నిండిందో తెల్వదు.

చింపేసిండు. ఇంకో కాగితం అడిగి మళ్ల అదే రాసిన.

ఇప్పుడు యాకుత్‌పురాల ఇంట్ల ఖాళీగ కూసున్న. తెలిసిన ఇంజినీర్లను అడిగిన, ఎవరికీ సమజ్ గాలే. నాకూ గాలే. కానీ కడగలేదని మాత్రం నాతోని ఎవ్వడు రాయించలేడు.