రుమాలు కింద కుదిరిన ఇల్లు

ఆ మనిషి మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఇరుపక్షాల మాటా రాశాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం నా పక్షమే రాస్తాను.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. ఆదిలాబాద్‌లో నేను ఒక దినపత్రికకు విలేకరిని. పత్తి ధరలు, వాగులు పొంగిన కబుర్లు, జిన్నింగు మిల్లుల తగాదాలు రాసుకొని తంతి ఆఫీసుకు పోవడం నా పని. నేనూ నా భార్యా ఒంటిగది కొంపలో కిరాయికి ఉండేవాళ్లం. పొయ్యి వెలిగిస్తే పొగ మంచం మీదికి వచ్చేది. చుట్టం వస్తే నేను బయట అరుగు మీద పడుకునేవాణ్ని.

పత్తి మార్కెట్‌లో ఒక అడ్తి సేటు ఉండేవాడు. రైతుల పత్తిని మిల్లులకు అమ్మించి కమీషన్ తీసుకోవడం అతని వ్యాపారం. మార్కెట్ వెనక వీధిలో అతనికొక పెంకుటిల్లు ఉంది. రెండు గదులు, ముందర అరుగు, పెరట్లో బావి. అంతకుముందు కిరాయికున్నవాడు లోపలే మిఠాయి బట్టీ పెట్టడంతో గోడలన్నీ మసిబారి ఉన్నాయి. ఆ ఇల్లు అమ్ముతానని సేటు అన్నాడు. కొంటానని నేనన్నాను.

అక్కడ పత్తి బేరం రుమాలు కింద జరిగేది. కొనేవాడి చేతి మీద, అమ్మేవాడి చేతి మీద ఒకే రుమాలు కప్పి వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎందరు నిలబడ్డా ఒక్కరికీ తెలియదు. సేటు నవ్వుతూ తన భుజం మీది రుమాలు నా చేతిమీద వేశాడు. నా వేళ్లు చెప్పిన ధరకు తల ఊపాడు.

“వణీల మా అన్నున్నడు. ఆయన ఒక్క మాట జెప్పాలె, అంతే. ఇల్లు మీదే అనుకోండ్రి సారూ.”

నాది సుల్తానాబాద్. మా వరి కల్లాల దగ్గర తల ఊపితే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత వాన వచ్చినా, ధర పెరిగినా మాట మారదు. పత్తి దగ్గరా అంతేననుకున్నాను.

దసరా ముందు సేటు స్వయంగా మా గదికి వచ్చి ఇంటి తాళంచెవి నా భార్య చేతిలో పెట్టాడు.

“పండుగకు ఇల్లు చీకట్ల ఉండద్దు చెల్లె. మా ఆడోళ్లకు తీరుతలేదు. జర నువ్వే ఊడ్చి దీపం వెట్టు.”

చెల్లె అన్నాడు. ఆమె ఆ మాట నమ్మింది. దీపం పెట్టి రావాల్సిన ఇంట్లో కొంగు బిగించి మసి గీకింది, గోడలు కడిగింది, నీలిమందు కలిపిన సున్నం రెండు పూతలు వేసింది. అడుగున మోకాలెత్తు ఎర్రజాజు పూసింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. దీపావళికీ అక్కడే దీపాలు పెట్టాం. సాయంత్రాలు పోయి ఆ ఖాళీ ఇంట్లో కూర్చునేవాళ్లం.

“గీ గూట్లె దేవుడు. గా గూట్లె నీ పేపర్లు. తలుపులకు నీలం రంగు.”

“నీలమెందుకే?”

“చలికాలం పొద్దుగాల చెన్నూర్ల గోదారి ఎట్లుంటదో జూసినవా? గా నీలం.”

ఆమె పుట్టిల్లు చెన్నూరు. దర్వాజ వెడల్పు జేనలతో కొలుచుకొని గాజుపూసల తోరణం అల్లడం మొదలుపెట్టింది. మధ్యలో ఎదురెదురుగా రెండు చిలుకలు. దర్వాజ మీద రంగుటద్దాల కిటికీ కావాలంది. నేను అన్నిటికీ ఊ అన్నాను. నాకూ ఆ ఇంటి మీద అంత ఆశ ఉండేది.

సేటును అడిగినప్పుడల్లా, ఏటి అవతల మరాఠీ ఊరు వణీలో ఉన్న అన్న ఏదో పనిమీద ఉండేవాడు. ఒకసారి పత్తి కొనుగోళ్లలో ఉన్నాడు. ఒకసారి జ్వరంతో ఉన్నాడు. “ఫికర్ జెయ్యకుండ్రి సారూ” అని మాత్రం ప్రతిసారీ అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ ఇంట్లో కూర్చొని పూసలు గుచ్చుతుంటే సేటు ఒక మిల్లు యజమానిని వెంటబెట్టుకొని వచ్చాడు. గోడలు తట్టి చూపించాడు. అద్దం లెక్క ఉన్నయన్నాడు. “చెల్లె, జర నీళ్లు దే” అన్నాడు. ఆమె నీళ్లిచ్చింది. ఈమె ఎవరని వచ్చినాయన మరాఠీలో అడిగాడు. ఇల్లు కనిపెట్టుకొని ఉండే పనిమనిషి అని సేటు మరాఠీలోనే జవాబిచ్చాడు. మరాఠీ ఊళ్ల పక్కనే పెరిగిన ఆమెకు ఆ భాష వచ్చునని అతనికి తెలియదు.

సాయంత్రం ఆమె చెబితే నేను మార్కెట్‌కు పోయి అడిగాను. సేటు నలుగురిలో నవ్వాడు.

“రుమాల్ కింది మాట రుమాల్ తీసేదాకే సారూ. గిన్నొద్దులు పత్తి బజార్ల తిరిగినవ్, గది ఎరుకలేదా? పేపర్ల ఏం రాస్తవో ఏమో. శుక్రవారం మిల్లాయన అవ్వ ఇల్లు జూడొస్తుంది. అప్పటికి తాళంచెయ్యి పంపు.”

చుట్టూ ఉన్న హమాలీలు కూడా నవ్వారు. ఇంటికొచ్చి చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను.

“ఒకలది తీసుకుంటే తీసుకున్నట్టే అప్పజెప్పాలె గదా,” అంది.

గురువారం పొద్దున రెండు గదుల మధ్యలో కుంపట్లు పెట్టింది. బావి నీళ్లలో నానేసిన పత్తికట్టె వేసి, ఆముదంలో ముంచిన పాతగుడ్డలు పైన పరిచింది. తలుపులు మూసింది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకొని విసనకర్రతో విసిరాను. నా చేతులు అంత ఇష్టంగా ఇంకే పనీ చేయలేదు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

“ఏంది చెల్లె, గంత పొగ?”

“దోమలక్కా. శాన పెద్దయి.”

పొద్దుగూకేసరికి గోడలు మిఠాయి బట్టీనాటి రంగుకు వచ్చాయి. జాజు కనిపించలేదు. తాళం వేసి చెవి సేటు గుమాస్తాకు ఇచ్చి వచ్చాం.

శుక్రవారం మిల్లు యజమాని తల్లి కర్ర పట్టుకొని గడప దాకా వచ్చింది. “జళాలేలం ఘర్” అంది. కాలిన ఇల్లు అని. గడప దాటకుండానే తిరిగి బండెక్కింది. సేటు మా గది ముందుకు వచ్చాడు.

“ఏం జేసినవ్ చెల్లె?”

“నువ్వు ఇచ్చినప్పుడు ఎట్లుండెనో గట్లనే ఇచ్చిన. కనిపెట్టుకొని ఉండే మనిషిని గద సేటూ, ఉన్నదాంట్ల తక్కువ గానిస్తనా?”

మరాఠీలో అంది. అతను రుమాలు భుజం మీదికి లాక్కొని వెళ్లిపోయాడు.

కాలిన ఇల్లన్న పేరు ఊరంతా పాకింది. కాదని చెప్పగలిగినవాణ్ని నేనే. నేను చెప్పలేదు. చలికాలం పోయినా ఆ ఇంటికి ఒక్క బేరమూ రాలేదు. చివరికి సేటు మా అరుగు మీదే వచ్చి కూర్చున్నాడు. మొదట అనుకున్న ధరకే ఇస్తానన్నాడు.

“చెన్నూర్ల మా అన్నున్నడు,” అంది ఆమె లోపలినుంచి. “ఆయన ఒక్క మాట జెప్పాలె.”

నేను పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె వాళ్ల అవ్వకూ బాపుకూ ఒక్కతే బిడ్డ.

లేని ఆ అన్న ఎండాకాలమంతా సేటుతో పని చేయించాడు. గోడలకు సున్నం కావాలన్నాడు. సున్నం పడ్డాక జాజు కావాలన్నాడు. గూళ్ల అంచులు పగిలాయన్నాడు. దర్వాజ మీద రంగుటద్దాలు లేని ఇల్లు ఇల్లేనా అన్నాడు. తలుపులకు నీలం రంగు అన్నాడు. సేటు చెమటలు తుడుచుకుంటూ వచ్చి అన్నగారి మాట ఏమైందని అడిగేవాడు. చాయ్ ఇచ్చి, వణీలో వాళ్ల అన్నగారి ఆరోగ్యం ఎలా ఉందని నేను అడిగేవాణ్ని.

అయినా నిజం చెప్పాలి. రంగుటద్దాలు బిగించాక నాకు మళ్లీ ఆ ఇంటి మీద ఆశ పుట్టింది. కసి తీరింది కదా, ఇక తీసుకుందామన్నాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. తోరణం మడిచి సంచిలో పెట్టుకొని పదమంది.

తలుపులు నీలంగా మెరుస్తున్నాయి. ఆమె రంగు మీద వేలితో రాసి చూసింది. గూళ్లు చూసింది. రంగుటద్దాల వెలుగు నేలమీద పడితే అందులో కాసేపు నిలబడింది. సంచిలోంచి తోరణం తీసి, ఒక కొస నాకిచ్చి దర్వాజకు పట్టించింది. సరిగ్గా సరిపోయింది. సేటు ముఖం వెలిగింది. ఆమె తోరణం మళ్లీ మడిచింది.

“ఇల్లు మంచిగున్నది సేటూ. మా అన్న వద్దన్నడు.”

“గదేంది చెల్లె? అన్ని మీరన్నట్టే జేసిన. మీ మాట నమ్మే గద జేసిన.”

“నువ్వు రుమాల్ ఎప్పుడో తీసినవ్ గదా.”

వీధి మలుపు తిరిగాక ఆమె తోరణం సంచిలో సర్దుకుంది.

“నీలం జర ముదిరినట్టున్నది గదా?” అంది.

“ముదిరింది,” అన్నాను.

ముదరలేదు. ఆమె చెప్పిన గోదావరి రంగే అది.

తోరణం మా కిరాయి గది దర్వాజకు పెద్దదైంది. రెండు కొసలూ మడిచి కట్టింది. నేను లోపలికి వంగి పోయేటప్పుడల్లా ఆ మడత నెత్తికి తగిలి పూసలు మోగేవి. తగిలినప్పుడల్లా నాకు నీలం తలుపుల ముందు నిలబడ్డ సేటు ముఖం గుర్తొచ్చేది. ఆ పూట అన్నం రుచిగా ఉండేది.