ఆక్సిజన్ సిలిండరుకు తలంటు

నా నోటుపుస్తకంలో ఆ ఏటి పేజీల నుంచి, నాకు జరిగిన అన్యాయాలను మాత్రమే ఏరి, వరుస మార్చకుండా కింద రాస్తున్నాను.

1999 ఫిబ్రవరి, రెండో గురువారం. మా బావమరిది వెల్డింగ్ షెడ్డు కోసం నేను స్వయంగా రాజమండ్రి వెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి తెచ్చిన నల్లద్దం హెల్మెట్టును అతను మేకుకు తగిలించి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గేటు చువ్వలకు అతుకులు వేశాడు. అడిగితే, "మూసుకున్నా కనబడుతుంది బావగారూ" అన్నాడు.

1999 మే, మొదటి సోమవారం. అదే హెల్మెట్టును తిరగేసి, అందులో పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూ కారం పట్టించారు. నాకూ పెట్టారు. తిన్నాను. అది వేరే విషయం.

1999 జూలై, మూడో శనివారం. "నూనె చేతులతో ఆక్సిజన్ సిలిండరును తాకరాదు" అని రేకు మీద నేను పెయింటుతో రాసి, గోడకు కొట్టించిన బోర్డు కనబడకుండా పోయింది. తరవాతి వారం తణుకు రోడ్డు మీద ఒక ట్రాక్టరు నన్ను దాటుకుని పోయింది. దాని ట్రక్కు వెనక తలుపుకు వేసిన అతుకు మీద "తాకరాదు" అన్న మాట తలకిందులుగా కనిపించింది.

1999 ఆగస్టు, ఆఖరి బుధవారం. మంటలార్పడానికి నేను నింపించిన ఇసుక బకెట్టులో బంతినారు పోశారు. దసరాకి పూలు కావాలట.

1999 అక్టోబరు, మహర్నవమి. ఆక్సిజన్ సిలిండరుకు తలంటు పోశారు.

మొదటి నాలుగింటినీ ఏనాడో మాఫీ చేశాను. అయిదోదాని గురించే ఈ రాత.

మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, షెడ్డు పెట్టింది కాలవగట్టు రోడ్డు మీద. మొదట్లో గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టరు ట్రక్కులు చేసేవాడు. తరవాత భీమవరం వైపు రొయ్యల చెరువులు పెరిగాక, చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్లకు ఇనప ఫ్రేములు కట్టడం ఎక్కువైంది. పనిలో అతనికి వంక పెట్టడానికి నాకు ఏనాడూ సందు దొరకలేదు. ముఖ్యంగా అతని కుడిచెయ్యి. గేటు డిజైను కాగితం మీద గీసేవాడు కాదు. షెడ్డు గచ్చు మీద కూర్చుని, సుద్దముక్క పట్టుకుని, చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో తీగ, ఆకు, మొగ్గ అన్నీ వేసేవాడు. ఆ గీత మీద చువ్వను పెట్టి వంచితే సరిపోవాలి, సరిపోయేది. ఆ పని చూడటానికే నేను రోజూ పొద్దున్న కాఫీ తాగి షెడ్డుకు వెళ్ళి కూర్చునేవాణ్ణని ఒప్పుకుంటున్నాను. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

నేను అంతకుముందు ఒక ఫ్యాక్టరీ వర్క్‌షాపులో స్టోర్సు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. తొడుగులు, అద్దాలు, రెంచీలు, పాతగుడ్డలు, ఏది ఎవరికి ఇచ్చినా రిజిస్టరులో రాసి సంతకం చేయడం నా ఉద్యోగం. ఒకరోజు ఒక ఫిట్టరు నా కౌంటరు దగ్గర పాతగుడ్డల కట్ట తీసుకుని వెళ్ళాడు. అందులో ఒక గుడ్డకు గ్రీజు ఉంది. దానితో ఆక్సిజన్ సిలిండరు మీది రెగ్యులేటరును శుభ్రంగా తుడిచి, కీ తిప్పాడు. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ సిలిండరులోంచి ఆ ఒత్తిడితో దూసుకొచ్చినప్పుడు దానికి నూనె గానీ గ్రీజు గానీ తగిలితే, అగ్గిపుల్ల అక్కర్లేదు. అతని కుడి అరచెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ప్రమాదాల పుస్తకంలో ఆ వాక్యం రాసింది నేనే. ఆ గుడ్డలు ఇచ్చినట్టు స్టోర్సు రిజిస్టరులో ఉన్న సంతకం కూడా నాదే. నూనె విషయంలో నేను గట్టిగా మాట్లాడతానని అందరూ అంటారు. కారణం ఇదీ.

ఇక తలంటు సంగతి. షెడ్డులో రెండు సిలిండర్లు పక్కపక్కన గోడకు గొలుసు కట్టి నిలబడి ఉండేవి. నల్లగా పొడుగ్గా ఉన్నది ఆక్సిజన్. పొట్టిగా, లావుగా, ముదురు ఎరుపు రంగులో ఉన్నది ఎసిటిలిన్. రెండూ కలిస్తేనే ఇనుము కోసే మంట. అందువల్ల మా బావమరిది వాటికి అయ్యగారు, అమ్మగారు అని పేరు పెట్టాడు. "అయ్యగారు నిండుకున్నారు, డిపోకి ఫోను చెయ్యండి" అనేవాడు. ఆయుధపూజనాడు అయ్యగారికి జరీ కండువా, అమ్మగారికి రవికెలగుడ్డ కట్టేవాడు. దీనికి నేను అభ్యంతరం చెప్పలేదు. అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టడం నాకూ ఇష్టమే.

కానీ పండగపూట ఇంట్లో అందరికీ తలంటు పోసి, ఆ దంపతులకు పోయకపోతే ఎలా అన్న ఆలోచన ఆ ఏడు వచ్చింది. ఎవరికి వచ్చిందో తరవాత తేలింది.

నవమినాడు నేను ఇంట్లో పూజ ముగించుకుని షెడ్డుకు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. డ్రిల్లింగ్ మిషను, గ్రైండరు, పట్టకార్లు అన్నీ నూనె రాసి నిగనిగలాడుతున్నాయి. అయ్యగారి నెత్తిన కీ, రెగ్యులేటరు మరీ మెరుస్తున్నాయి. రెగ్యులేటరు అద్దం మీద నుంచి ఒక నూనె చుక్క మెల్లగా కిందికి జారుతోంది. నేను వేలు పెట్టకుండా వాసన చూశాను. నువ్వులనూనె.

"ఎవరు పోశారు?"

"శాస్త్రప్రకారం పోశాం బావగారూ. మాడు మీద, చెవుల దగ్గర, బాగా ఇంకేలా" అన్నాడు.

"రేపు ఆ కీ తిప్పడానికి వీల్లేదు."

"రేపు దశమి. ముహూర్తానికి మొదటి కోత పడాలి. రొయ్యల రాజుగారు ఫ్రేము కోసం పొద్దున్నే వస్తున్నారు. కావాలంటే మీ పుస్తకంలో రాసుకోండి."

రాసుకున్నాను. తేదీ, వారం, నూనె రకంతో సహా.

మర్నాడు ముహూర్తానికి అరగంట ముందే వెళ్ళి, ముక్కాలిపీట ఒకటి తీసుకుని, సిలిండర్లకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. చెరువుల ఆసామి, మేము రాజుగారు అని పిలిచే ఆయన, అప్పటికే పైపుల దగ్గర నిలబడి ఉన్నారు. మా బావమరిది స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. అదీ పాలిస్టరు చొక్కానే. రవ్వ పడితే ఒంటికి అంటుకుపోయే గుడ్డ. దాని గురించి ఆవేళ మాట్లాడలేదు. ఒక రోజుకు ఒక పోరాటం చాలు.

"బావగారూ, జరగండి."

"జరగను."

"పోయినేడు కూడా రెండు చుక్కలు రాశానండీ. ఏమయింది?"

"పోయినేడు ఆ సిలిండరు పండగనాటికే నిండుకుంది, మర్నాడే మార్చేశావు. కీ తిప్పనే లేదు. నా దగ్గర తేదీ ఉంది. చదవమంటావా?"

రాజుగారు కలగజేసుకున్నారు. "ఆయ్, పెద్దాయన పుస్తకం తీశారంటే ఇక మధ్యాహ్నమేనండీ. నేను టీ తాగొస్తాను."

"మీరూ కూర్చోండి రాజుగారూ. సాక్షి కావాలి" అన్నాను.

మా బావమరిది నవ్వు ఆపేశాడు. అతనికి నిజంగా కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. "ఇది నా షెడ్డు. దేవుడికి రాసిన నూనె వల్ల నాకు కీడు జరుగుతుందా? పండగపూట ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది?" అన్నాడు. అని, నా భుజం మీదుగా కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి కీకి బెత్తెడు దూరంలో ఉండగా నేను మణికట్టు పట్టుకున్నాను. నా వయసుకు అది చాలా గట్టి పట్టు అని తరవాత రాజుగారు నలుగురికీ చెప్పారట.

సరిగ్గా అప్పుడే నా భార్య పులిహోర క్యారియరుతో షెడ్డులోకి వచ్చింది.

"ఏంటిది? పండగనాడు కుస్తీ ఏంటి?"

"మీ ఆయన్ని లెమ్మను అక్కా. అయ్యగారికి తలంటు పోశామని అలిగి కూర్చున్నారు."

ఆవిడ క్యారియరు కింద పెట్టింది. ముఖం కొంచెం మారింది. "ఆ నూనె నేనే పంపానండీ" అంది నాతో. "సిలిండర్లకి కూడా పొయ్యరా, పాపం ఏడాదంతా మాడిపోతాయి అని నేనే అన్నాను."

నోటుపుస్తకంలో ఆ పేజీలో, ఆలోచన ఎవరిది అన్నచోట ఒక గీత ఖాళీగా ఉంది. ఆవిడ ఎదురుగానే రెండో చేత్తో పూర్తిచేశాను.

తరవాత ఫిట్టరు సంగతి చెప్పాను. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. గుడ్డల కట్ట, గ్రీజు, నా సంతకం, ముడుచుకోని అరచెయ్యి, అన్నీ చెప్పాను. రాజుగారు తల దించుకున్నారు. మా బావమరిది మణికట్టు ఇంకా నా చేతిలోనే ఉంది. అతను లాక్కోవడం మానేశాడు గానీ, ఒప్పుకున్నట్టు మాత్రం ముఖం పెట్టలేదు.

"పొడిగుడ్డతో తుడిచేస్తే పోదా?" అన్నాడు.

"పోదు. మరచుట్ల సందుల్లోకి దిగింది. డిపో వాళ్ళే చూడాలి. రెగ్యులేటరు కూడా మనం ఊడదీయకూడదు."

"మరి ముహూర్తం?"

నా భార్య తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, తలంటు పోసుకున్నవాణ్ణి ఎండలో పనికి పంపుతామా? పడుకోబెడతాం. అయ్యగారికి నేను తలంటు పంపాను. ఇక ఆయన పనిచెయ్యకూడదు. పండక్కి అత్తారింటికి పంపు."

రాజుగారు పెద్దగా నవ్వారు. "ఆయ్, అల్లుడి మర్యాద! కాకినాడ డిపోయే అత్తారిల్లండీ ఆయనకి!"

"ముహూర్తానికి పని మొదలుపెట్టాలి గానీ, మంటే వెలగాలని ఎక్కడుంది?" అని ఆవిడ గచ్చు మీదున్న సుద్దముక్క తీసి అతని చేతికిచ్చింది.

అతను సుద్ద అందుకున్నాడు. తరవాత గొంతుక్కూర్చుని, ఆ కుడిచేత్తోనే, చెయ్యి ఎత్తకుండా గచ్చు మీద ఒక తామరతీగ వేశాడు. అంత పొడుగు తీగ అంతకుముందు నేను చూడలేదు. సిలిండర్ల పాదాల దగ్గర మొదలై, నా ముక్కాలిపీటను చుట్టి, గుమ్మం దాకా వెళ్ళింది. ఆ తరవాత రంపం తీసుకుని, చేత్తోనే రాజుగారి పైపు కోశాడు. రాజుగారు రెండో కొస పట్టుకున్నారు. ఫ్రేము రెండు రోజులు ఆలస్యమైంది. ఆయన ఒక్క మాట అనలేదు. మేము అందరం పులిహోర తిన్నాం.

మూడోరోజు డిపో వ్యాను వచ్చింది. వచ్చిన మనిషి సిలిండరు నెత్తిని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. దాన్ని నిలువుగా కట్టించి తీసుకెళ్తూ, మా బావమరిదిని పక్కకు పిలిచి కాలవగట్టు మీద పది నిమిషాలు ఏదో చెప్పాడు. మా బావమరిది తిరిగి వచ్చాడు. నేరుగా వెళ్ళి సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. బంతినారును నేలలోకి మార్చి, ఇసుక బకెట్టును గుమ్మం పక్కన పెట్టాడు. మేకుకున్న హెల్మెట్టు దించి, లోపల కారపు వాసన పోయేదాకా తోమాడు. నేను ముక్కాలిపీట మీద కూర్చుని అంతా చూశాను. నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.

మరుసటి ఏడు నుంచి ఆయుధపూజలో ఒక మార్పు వచ్చింది. అయ్యగారికీ అమ్మగారికీ పసుపు, కుంకుమ వెనక గోడ మీదే పెడతారు. కండువా, రవికెలగుడ్డ ఆ గోడ మేకులకే. దీపం షెడ్డు బయట, గేటు దగ్గర. నూనెసీసా ఇంటి దగ్గరే ఉంటుంది. దానికి నా భార్య పూచీ. ఈ మార్పు ఎందుకని ఎవరైనా అడిగితే మా బావమరిది, "మా ఇంటి ఆచారమండీ" అంటాడు. ఎవరు పెట్టిన ఆచారమో చెప్పడు.

అతను చేసిన గేట్లు ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళకు ఉన్నాయి. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు తీగలు చూస్తూ వెళ్తాను. ఏది 1999 దసరాకు ముందుదో, ఏది తరవాతదో నాకు తెలుసు. తరవాతవే ఎక్కువ. నాకు ఇంతకన్నా కావలసింది లేదు, ఒక్కటి తప్ప.

కనుక పై విషయాలన్నీ విన్నవించుకున్న మీదట, మా బావమరిదిగారిని నేను రాతపూర్వకంగా కోరేదేమంటే, కింది మూడు ప్రశ్నలకు పదిహేను రోజుల్లోగా జవాబు ఇవ్వవలసింది. ఒకటి, కాలవగట్టు మీద డిపో మనిషి మీతో ఏం చెప్పాడు? రెండు, నా బోర్డును ట్రక్కుకు అతికించేటప్పుడు దాని మీద రాసింది మీరు చదివారా, లేదా? మూడు, ఆనాడు నేను చెప్పింది నిజమా, కాదా? నవ్వి ఊరుకోవడం, మాట మార్చడం, మీ అక్కగారి చేత పులిహోర పంపడం జవాబు కిందికి రావు. పులిహోర పంపితే విడిగా స్వీకరిస్తాను. జవాబు తెల్లకాగితం మీద, ఇతరుల చేత రాయించకుండా, మీ స్వహస్తంతో ఉండాలి. ఆ కుడిచేత్తోనే, అయిదు వేళ్ళతోనూ పట్టుకుని రాయాలి.