లేతు తాత అరిచిన ‘బల’

ఆ రోజుల్లో మా నలుగురికీ ఈత రాదు, కన్నడం రాదు, ఉద్యోగం పోతుందేమోనన్న భయం మాత్రం బాగా వచ్చు. కడప నుంచి వచ్చి బెంగళూరు పక్కన జిగణిలో ఒక స్క్రూల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేసేవాళ్ళం. ఆర్డర్లు తగ్గి, ఆ షిఫ్టు ఎత్తేస్తారని పుకారు లేచింది. సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళకు చెరువులో పడవ పందెం పెట్టారు. “గెలిచి రండి, మీ నలుగురి సంగతి నేను చూసుకుంటా” అన్నాడు మేనేజరు. (ఆయనది ఆటల పిచ్చి, మాది అన్నం పిచ్చి.) నెల రోజులు చేతులు బొబ్బలెక్కేలా సాధన చేశాం.

తెడ్లు వేసేవాళ్ళు పడవ పోయే వైపుకు వీపు పెట్టి కూర్చుంటారు. దారి చెప్పేవాడే మాకు కళ్ళు. ఆ కళ్ళకు పందెం రోజు పొద్దున్నే జ్వరం తగులుకుంది. చివరి నిమిషంలో మా ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపే తాత ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగాయన, మాటల్లో సగం కన్నడమే. “భయం వద్దప్పా, నేనుండాను గదా!” అన్నాడు.

సగం దూరం పోయేసరికి పక్క పడవ మాకంటే ముందుంది. ఉద్యోగం కళ్ళముందే జారిపోతోంది. ఉన్నట్టుండి తాత “బల! బల!” అని అరిచాడు. కన్నడంలో బల అంటే కుడివైపు. ఎడమన గుర్రపుడెక్కలోకి పోతున్నాం, కుడికి తిప్పండ్రా అని ఆయన గోల. మాకేం తెలుసు? బలం చాలడం లేదు కాబోలని నలుగురం పళ్ళు బిగించి లాగాం. “బల అప్పా, బల!” ఆయన ఏడుపు గొంతు విని ఇంకా లాగాం. డెక్క తెడ్లకు చుట్టుకుంది, పడవ ఒరిగింది, నేను ఇంటి దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. ఊపు మీదున్న పడవ మాత్రం ఆగలేదు. డెక్కను చీల్చుకుని, పక్క పడవ కంటే మూరెడు ముందు ముగింపు తాడు దాటింది. “చెవులుండాయా లేవా మీకు?” అని తిట్టి, ఆ తిట్టు పూర్తికాకుండానే తాత మమ్మల్ని కావలించుకున్నాడు. మేనేజరు కప్పు చేతికిచ్చి అందరి భుజాలూ తట్టాడు.

మర్నాడు సోమవారం, అందరికీ చూపిద్దామని కప్పు పట్టుకుని వెళ్ళాం. గేటుకు జాబితా అంటించి ఉంది. పనిలో ఉండేవాళ్ళలో మా నలుగురి పేర్లూ లేవు. కింద మేనేజరు సంతకం, పక్కన తేదీ. శుక్రవారం నాటిది. పందెం జరిగింది ఆదివారం.

ఏడవాల్సింది, ఎందుకో నవ్వొచ్చింది. ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఆ కప్పు నిండా టీ పోయించుకుని, నలుగురం వంతులేసుకుని తాగాం. తర్వాత ఇంతకన్నా మంచి ఉద్యోగాలే చేశాను. దేనికీ అంత నమ్మకంతో ఒళ్ళు వంచలేదు. అప్పటి నాలోని ఆ పిచ్చి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక, వాడి మీద కాస్త కుళ్ళు కూడా పుడుతుంది.